పక్క లేన్ ఖాళీగా ఉంచిన కోచ్

మంగళవారం ఉదయం మా పేట బుకిట్ పంజాంగ్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఎదురింటి ఆంటీ ఫోన్ చేశారు. "మీ కోచ్ అంకుల్ ఇక లేరమ్మా" అన్నారు. నిద్రలోనే పోయారట. కాఫీ ఇద్దామని వెళ్లి చూస్తే ఎడమకాలు ముందుకు చాచి, కుడికాలు మోకాలి దగ్గర మడిచి పక్కకు పెట్టుకుని ఉన్నారట. డాక్టరు కాళ్లు సరిచేయబోతే ఆంటీ కాసేపు ఆగమన్నారు. పరుగు పందెంలో హర్డిల్ మీదుగా వెళ్లే మనిషి అలాగే ఉంటాడని ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

ఆయన అమెరికా మనిషి. ఇక్కడ జురాంగ్ ఐలాండ్ అనే పారిశ్రామిక దీవిలో, ఒక ఫ్యాక్టరీలో కార్మికులకు భద్రతా పాఠాలు చెప్పేవారు. కాకినాడ నుంచి అక్కడికి ఇంజనీరుగా వచ్చిన ఆంటీని పెళ్లి చేసుకుని మా అంతస్తులోకి వచ్చారు. అప్పటికి నాకు పన్నెండేళ్లు. కాలేజీ రోజుల్లో ఆయన హర్డిల్స్‌లో పేరు తెచ్చుకున్నారనీ, ఆ వేగం చూసి ఒక ఫుట్‌బాల్ జట్టు జీతమిచ్చి తీసుకుందనీ నాన్న చెప్పారు. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. తలకు హెల్మెట్ పెట్టుకుని, బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తాలి. ఎదుటివాళ్లు మీదపడి పడేస్తారు. నాలుగేళ్లు ఆడారట. ఇంట్లో మాత్రం ఒక్క పతకం గానీ, ఫొటో గానీ కనబడేది కాదు.

బడి పోటీలకు హర్డిల్స్ నేర్పమని నేనే అడిగాను. శనివారం మధ్యాహ్నాలు స్టేడియానికి తీసుకెళ్లేవారు. ప్రతి హర్డిల్‌నీ తనే మోసుకొచ్చి, ఎత్తు సరిచూసి, అరచేత్తో ఒకసారి తట్టి పెట్టేవారు. "దూకకమ్మా, దాటుతూ పరుగెత్తు" అనేవారు. ఆయనకు వచ్చిన తెలుగులో సగం 'అమ్మా' అన్న మాటే. "తగిలితే తగలనీ, ఆగకు" అనేది ఇంకో మాట.

నేనొక్కదాన్నే పరుగెత్తుతున్నా, ఎడమ పక్క లేన్‌లో కూడా పది హర్డిల్స్ పేర్చేవారు. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. మొదట్లో నవ్వొచ్చేది. "నోబడీ దేర్ లా, అంకుల్" అన్నానొకసారి మా ఊరి ఇంగ్లీషులో. ఆయన నవ్వలేదు. ఆ వైపు చూడకుండా పరుగెత్తమన్నారు, అంతే.

ఒక శనివారం నాలుగింటికే ఆకాశం నల్లబడింది. పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది. అందరూ షెడ్డు కిందికి పరుగెత్తారు. నేను బూట్లు మర్చిపోయి వెనక్కి వచ్చాను. అంకుల్ ట్రాక్ చివర కదలకుండా నిలబడి ఉన్నారు. ఇంకా గాలి మొదలవ్వలేదు. చెట్ల ఆకులు కూడా కదలడం లేదు. ఎడమ లేన్‌లో ఏడో హర్డిల్ సన్నగా ఊగి ఆగింది. రెండు హర్డిల్స్ మధ్య పరుగెత్తేవాళ్లు వేసే మూడు అడుగుల చప్పుడు, చిన్న విరామం. ఎనిమిదోది ఊగింది. మళ్లీ మూడు అడుగులు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"నీకూ వినబడిందా?" అని అడిగారు.

తలూపాను. షెడ్డు కింద కూర్చున్నాక, పన్నెండేళ్ల పిల్లకు చెప్పొచ్చా అని తటపటాయించి, ఇంగ్లీషులో చెప్పారు.

ఫుట్‌బాల్ ఆడిన నాలుగో ఏట ఒక మ్యాచ్‌లో ఆయన బంతితో దూసుకెళుతుంటే ఎదుటి జట్టు కుర్రాడొకడు కాళ్లు పట్టుకోవడానికి కిందికి వంగాడు. పాత అలవాటు కొద్దీ ఈయన అతని మీదుగా లేచారు. మోకాలు అతని మెడకు తగిలింది. ఈయన ఆగలేదు. గీత దాటేశారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన అలా దూకడాన్ని టీవీలో మళ్లీ మళ్లీ చూపించారు. మూడో రోజు ఆ కుర్రాడు ఆసుపత్రిలో పోయాడు. ఎవరూ ఈయన్ను తప్పుపట్టలేదు. అదే భరించలేకపోయానన్నారు.

ఆట మానేసి హర్డిల్స్‌కు తిరిగొచ్చారు. మొదటి పోటీలోనే పక్కన ఖాళీగా ఉన్న లేన్‌లో అడుగులు వినబడ్డాయి. ప్రతిసారీ అవి తనకన్నా ఒక అడుగు ముందే గీత దాటేవి. "నేను మొదట వచ్చిన పరుగుల్లోనూ రెండోవాణ్నేనమ్మా" అన్నారు. దేశం మారితే పోతాయనుకున్నారు. పోలేదు. ఆ తర్వాత పారిపోవడం మానేసి, అతనికో లేన్ వదలడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను. భయపడి మానెయ్యనూ లేదు. బడి పోటీల్లో మూడో స్థానం వస్తే, ఆయన అడిగింది ఒక్కటే: పరుగులో నా వెనక పడిపోయిన అమ్మాయి లేచిందా అని. లేచిందని చెప్పాక భుజం తట్టారు. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. ఆఫీసులో ఏదైనా గెలిచిన రోజున అది నన్ను వెనక్కి తిరిగి చూసేలా చేస్తుంది.

గత రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు ముదిరింది. ఆటలో తలకు తగిలిన దెబ్బల వల్ల కావచ్చన్నారు డాక్టర్లు. నా పేరు పోయింది, తర్వాత ఆంటీ పేరు కూడా. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ల బ్లాక్ కింద స్తంభాల నీడలు నేలమీద అడ్డంగా పడితే, ఒక్కో నీడ దగ్గరా ఎడమకాలు ఎత్తి దాటేవారు. ఆంటీ ఎప్పుడూ ఆయన కుడివైపే నడిచేవారు. ఎందుకని అడిగితే, "ఎడమవైపు మనిషున్నాడు కదమ్మా" అన్నారు మామూలుగా. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసన్నమాట.

పోయిన నెల ఒక సాయంత్రం ఆయనతో నేను నడిచాను. మధ్యలో ఆగి, ఎడమవైపు తల వంచి చాలాసేపు విన్నారు. తర్వాత నాకేసి తిరిగి, చాలా కాలానికి స్పష్టంగా మాట్లాడారు.

"అడిగాను. నొప్పి లేదంటున్నాడు."

నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

ఆదివారం ఉదయం చాంగి రేవు నుంచి చిన్న పడవలో ఆంటీతో వెళ్లాను. ఎండ కాస్తోంది, గాలి లేదు. ఆంటీ ఎర్రగుడ్డ విప్పి అంకుల్ బూడిదను నెమ్మదిగా నీళ్లలోకి వదిలారు. అది ఒకే ధారగా పడింది. నీటి మీద మాత్రం రెండు తెల్లటి చారలైంది. పడవ అంచు తగిలి చీలిందేమో నాకు తెలియదు. పక్కపక్కనే, కలవకుండా, అవి తిన్నగా సముద్రంలోకి సాగాయి. కొంత దూరం పోయాక కుడివైపుది వెనకబడింది. ఎడమవైపుది నీటి మీద అలాగే నిలిచి, అది వచ్చేదాకా ఆగింది.