పసుపు పెట్టిన పింఛను కాయితం

నా చిన్నప్పుడు మా బోధన్ ఇంట్లో గొంతు పెద్దది మా తాతది, మాట నెగ్గేది మాత్రం మా అవ్వది. తాత నిజాంసాగర్ కాలువల మీద లస్కర్. తూముల తలుపులు ఎత్తడం, దించడం, ఎవరి చెరుకుకు ఎప్పుడు నీళ్ళు పారాలో చూడటం ఆయన కొలువు. గట్టు మీద ఆయన సైకిలు కనబడితే చాలు, వంతు తప్పి నీళ్ళు మళ్ళించుకునేవాళ్ళు పారలు దాచేసేవారట. అంతటి మనిషీ ఇంటికొచ్చాక అవ్వ కాళ్ళు కడుక్కోమంటే కడుక్కునేవాడు, ఇక మాట్లాడకు అంటే ఊరుకునేవాడు.

ఆయన కొలువు దిగే రోజులు దగ్గరపడ్డప్పుడు దఫ్తర్ నుంచి ఒక కాయితం తెచ్చాడు. వాళ్ళ కొడుకు, మా బాపు, దాన్ని చదివి అందరికీ విడమరిచి చెప్పాడు. అప్పటి కానూన్లు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేవు కానీ, విన్నంతవరకు సంగతి ఇది. తాత పింఛను మొత్తం తానే తీసుకోవచ్చు, అప్పుడది ఆయనతోనే ఆగిపోతుంది. లేదా ఇప్పుడు కొంత తగ్గించుకోవచ్చు, అప్పుడు ఆయన తర్వాత అవ్వ బతికినన్నాళ్ళు ఆమెకు ఎంతో కొంత వస్తుంది. రెండో దానికి అవ్వ వేలిముద్ర కావాలి. కొలువు దిగేలోపే తేల్చుకోవాలి, తర్వాత మార్చుకుందామన్నా కుదరదు.

తాత అవ్వకంటే చాలా పెద్దవాడు. ఏళ్ళ తరబడి కాలువ తడిలో తిరిగి తిరిగి ఆయనకు దగ్గు పట్టుకుంది. ఎవరు ముందో ఎవరు వెనకో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. తాత మాత్రం అన్నాడు. "నా ఎనక నీకు ఆసరుంటది, ఏలిముద్ర ఎయ్యి" అన్నాడు. అవ్వ లేచిపోయి, గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి ఆయనకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాం. తాత అందరికంటే ఎక్కువ దగ్గాడు.

అవ్వ పట్టుదల ఊరికే వచ్చింది కాదు. ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, తనను పసుపు కుంకుమలతోనే తీసుకుపొమ్మని మొక్కుకునేది. మా వైపు ఆడవాళ్ళందరిదీ అదే మొక్కు. అలాంటిది, మొగుడు పోయాక నాకు పైసలివ్వండి అని తన వేలితో తానే ముద్ర వేయడమంటే ఆయన చావును కోరుకున్నట్టేనని ఆమె భయం. బాపు నచ్చజెప్పబోతే తిట్లు తిన్నాడు.  తాత రోజూ ఆ కాయితాన్ని తీసి చూసుకుని మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టేవాడు. నీళ్ళ కోసం కొట్లాడుకునే ఊళ్ళకు ఊళ్ళనే దారిలో పెట్టినవాడు, ఇంట్లో ఒక్క మనిషిని ఒప్పించలేక చిన్నబోయాడు.

పక్కింట్లో ఖాలా ఉండేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, వాడ మొత్తానికీ ఆమె ఖాలానే. ఆమె భర్త మా తాతతో పాటే కాలువల మీద పనిచేసి, కొలువు దిగిన కొన్నాళ్ళకే పోయాడు. ఆయనకు ఇలాంటి వెసులుబాటు ఉండేదో లేదో నాకు తెలియదు, పింఛను మాత్రం ఆయనతోనే పోయింది. కొడుకుకు బజారులో గాజుల దుకాణం. రోజూ మధ్యాహ్నం వంటలయ్యాక ఖాలా మా అరుగు మీదకు వచ్చేది. అవ్వ ఆకులూ వక్కలూ ఉన్న పళ్ళెం ముందు పెట్టేది. ఇద్దరూ నములుతూ పొద్దుగూకేదాకా లోకంలో ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ కూడా నమిలేవారు.

తాత ఒకరోజు గోడ పక్కన నిలబడి ఖాలాతో తన బాధ చెప్పుకున్నాడు. ఆమె తలూపింది. ఆ మధ్యాహ్నం వచ్చి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, పెండ్లిళ్ళ గురించీ ధరల గురించీ చాలాసేపు మాట్లాడింది. అవ్వ పళ్ళెం జరిపింది. ఖాలా ముట్టుకోలేదు. నా జడ మీద ఆమె చేతులు ఆగిపోయాయి.

"అక్కా, నేను దినాం నీ ఇంటికి ఎందుకొస్తున్ననో ఎరుకేనా? ముచ్చటకు వస్తున్న, అబద్ధం ఎందుకు. గాని పాన్ కోసం గూడ వస్తున్న. నా కొడుకును పాన్‌కు పైసలడుగుడు నాతోని అయితలేదు. వాడు మంచోడే, అడిగితే ఇస్తడు. గా అడుగుడే ఉన్నది సూడు, అది మస్తు కష్టం."

అవ్వ నమలడం ఆపేసింది. ఇన్నేళ్ళ స్నేహంలో ఖాలా ఆ మాట ఎన్నడూ అనలేదు. పరువు గల ఇంటి మనిషి. పండగనాడు సేమ్యా పంపితే గిన్నె నిండా పంపేది, మా గిన్నెను ఎన్నడూ ఖాళీగా వెనక్కి పంపేది కాదు.

"నీ దేవుడు నీ మొక్కు ఇన్నడనుకో, గా కాయితం ఉత్తగ పడి ఉంటది. ఎవ్వరికి ఏం కాదు. ఇనకపోతే? అన్న నీకింత బువ్వ పెట్టి పోదామని సూస్తున్నడు. పెట్టే చెయ్యిని నువ్వెందుకు పట్టుకుంటున్నవ్?"

అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత తనే ఒక ఆకు తీసి, ఈనె తీసి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి ఖాలా నోటికి అందించింది. ఖాలా నవ్వబోయి ఏడ్చింది. నాకు సగం సంగతే అర్థమైంది కానీ ఎందుకో నాకూ ఏడుపొచ్చింది. జడ ఆరోజు సగంలోనే ఉండిపోయింది.

మరునాడు పొద్దున్నే అవ్వ తలస్నానం చేసి, ఆ కాయితం తెమ్మంది. మోర్తాడ్ నుంచి మా మేనమామ పంపిన కొత్త పసుపు తడిపి, పెండ్లి పత్రికకు పెట్టినట్టు దాని నాలుగు మూలలకూ పెట్టింది. బాపు వద్దన్నా వినలేదు. తాత నవ్వుకుంటూ మమ్మల్ని బస్సెక్కించి తానూ ఎక్కాడు. నిజామాబాద్ దఫ్తర్లో గుమాస్తా ఆ కాయితం విప్పి, అటూ ఇటూ తిప్పి, ఇదేమన్నా పెండ్లి పత్రికనా అమ్మా అని విసుక్కున్నాడు.

"పెండ్లయింది కాబట్టే గద బిడ్డా గీ కాయితం," అంది అవ్వ, వేలు ముందుకు చాపి.

గుమాస్తా సిరా దిండు ఆమె దగ్గరకు జరిపాడు. అవ్వ ముద్ర వేస్తుంటే తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో ఆమెకు నచ్చిన జామపండ్లు కొనిచ్చాడు. ఉప్పూకారం ఎక్కువైందని ఆమె ఆయన్ని బోధన్ దాకా సాధించింది.

ఆరోజు నుంచి అవ్వలో ఒక మార్పు వచ్చింది. ఖాలా వచ్చి కూర్చునేలోపే, ఆమె వెంట తెచ్చుకునే చిన్న పాన్ డబ్బీ తీసుకుని ఆకులూ వక్కలూ నింపి ఇచ్చేది. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

అవ్వ మొక్కు తీరలేదు. తాతే ముందు పోయాడు. ఆమె చాలా ఏడ్చింది, దేవుడితో చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు బతికింది. వచ్చేది కొంచెమే అయినా, ఆమె మా బాపు ముందు చెయ్యి చాపడం నేను చూడలేదు. ఆయనకే అవసరం పడితే, రెండు చీవాట్లు పెట్టి మరీ ఇచ్చేది.

నేను టీచరునై, రిటైరయ్యి కూడా చాలా కాలమైంది. తెలిసినవాళ్ళెవరైనా కొలువు దిగుతున్నారంటే, పిలవకపోయినా వాళ్ళింటికి పోతాను. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, వెనక మిగిలేవాళ్ళకు ఏం ఏర్పాటు చేశారని అడుగుతాను. ఇంటామె తప్పకుండా, అట్ల అనకు టీచరమ్మా అంటుంది. అప్పుడు ఖాలా మాటలు చెప్తాను. చాలామంది వింటారు. కానీ చెప్పిన ప్రతిసారీ నాకు సిగ్గుగానే ఉంటుంది. స్నేహితురాలి బతుకు బాగుండాలని ఖాలా అన్నేళ్ళు దాచుకున్న తన పరువును తీసి అరుగు మీద పెట్టింది. నేను ఆ పరువునే అరువు తెచ్చుకుని ఇన్నేళ్ళుగా ఖర్చు చేస్తున్నాను.