ఆమెకు తెల్వది

ఒక దర్శకుడి పాత సస్పెన్స్ సినిమాలంటే నాకు ప్రాణం. హంతకుణ్ణి చివరిదాకా దాచడాయన. ముందే మనకు చూపించేసి, పాత్రలకు మాత్రం తెలియనివ్వడు.

ఒక సాయంత్రం పంజాగుట్టలో బస్సెక్కి ఫోన్లో అలాంటిదొకటి చూస్తున్నాను. తలుపు వెనక హంతకుడు నిలబడి ఉన్నాడు. ఒకావిడ కూనిరాగం తీస్తూ మెట్లెక్కుతోంది. పక్క సీటు పెద్దాయన కూడా నా ఫోన్లోకి తొంగి చూస్తున్నాడు.

"అయ్యో, ఎక్కొద్దమ్మా," అన్నాను నాకు తెలియకుండానే.

"ఆమెకు తెల్వది, మనకు తెలుసు. గదే కష్టం బిడ్డా," అన్నాడాయన.

సినిమా సంగతే అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. ముందు లేడీస్ సీట్లో ఉన్న ఒక పెద్దావిడను చూపించి, "మా ఇంటామె. ఇందాక డాక్టరు ఆమెను బయట కూసోవెట్టి, నన్నొక్కన్నే లోపలికి పిలిచిండు," అన్నాడు మెల్లగా.

ఫోన్లో సినిమా ఆపేశాను.

అమీర్‌పేట వస్తుంటే ఆవిడ లేచి నిలబడి వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, డాక్టరు ఏమన్నడో జెప్పనే లేదు?" అని బస్సంతా వినపడేలా అడిగింది.

"ఏం లేదట! గ్యాసేనట!" అన్నాడాయన, అంతకంటే గట్టిగా.

"నేను జెప్పలే?" అంటూ ఆవిడ పక్కనామె వైపు చూసి నవ్వింది. ఆవిడ ముందు డోరు నుంచి, ఆయన వెనక డోరు నుంచి దిగిపోయారు.

ఆ సినిమా ఇప్పటికీ చూస్తుంటాను. ఆ కూనిరాగం ఇంకా వినిపిస్తుండగానే ఆపేస్తాను.