గీడ స్వీపర్లెవ్వరు లేరు

"అటెండర్ వచ్చిండంట అత్తమ్మా. రెండో అంతస్తు దాకా ఎక్కి అడిగిండంట."

"ఎవ్వరు రాలే."

"కళ్లద్దాల ముసలామె చెప్పిందంటున్నడు, గీడ అసొంటోళ్లు లేరని."

"కళ్లద్దాలు పెట్టుకున్న ముసలిదాన్ని తార్నాకల నేనొక్కదాన్నే ఉన్ననా? వాడు ఏ చెట్టు కిందనో బీడీ తాగి పోయిండు. వచ్చిన్నని కాయితం మీద రాసుకున్నడు."

"మెట్ల మీద ఆడోళ్లు బియ్యం ఏరుకుంటున్నరని కూడ చెప్పిండు. రాకుంటే అది ఎట్ల తెలుస్తది?"

"ఏ బిల్డింగుల ఏరుకోరు బియ్యం? ఎవడో దారిన పోయేటోని మాట నమ్ముతున్నవు. ఇన్నేండ్ల సంది నీతోని ఉన్న, నేను అబద్ధం ఆడంగ ఎన్నడన్న చూసినవా?"

ఆ చివరి మాటకు మా కోడలు భాగ్య తగ్గిపోయింది. తల వంచుకుని, "లేదు అత్తమ్మా, నువ్వు ఆడవు" అంది.

అటెండర్ వచ్చాడు. ఆ కళ్లద్దాల ముసలామె నేనే.

ఈ ముక్క రాయడానికి నాకు ఇరవై ఏళ్ల పైనే పట్టింది. మూడో తరగతి దాకా చదివిన చేతులివి. అక్షరాలు కుదురుగా రావు. కానీ రాయలేకపోయింది అక్షరాలు రాక కాదు. ఇన్నేళ్లూ ఈ మాట నా గుండెల మీద రోకలిబండలా ఉంది. పక్క మీద ఎటు తిరిగినా అటే దొర్లుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇంట్లో చెప్పలేను.

మొదటి నుంచీ చెబుతాను.

నా కొడుకు పోయిన రెండో ఏడు భాగ్య యూనివర్సిటీలో పనికి చేరింది. లేడీస్ హాస్టల్లో స్వీపర్. వరండాలు, గదుల ముందు నడవలు, బాత్రూములు. స్వీపర్లకు యూనిఫాం నీలం చీర. రోజు కూలీ. నేను, ఆమె, చిన్నపిల్ల నా మనవరాలు. ముగ్గురి పొట్టలకూ ఆ చీపురే ఆధారం. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. బాగా తెలుసు. అయినా ఆమె పనికి చేరిన రోజే నేను ఒక షరతు పెట్టాను. "నీలం చీర ఇంట్ల కట్టకు. మంచి చీర కట్టుకొని పో, గాడ మార్చుకో."

ఊళ్లో మాకు పొలం ఉండేది. మా వాకిలి ఊడ్వడానికి వేరే మనిషి వచ్చేది. ఆమె పేరు ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. పేరు పెట్టి పిలిచిన జ్ఞాపకమూ లేదు. పొలం పోయి, ఊరు వదిలి, నగరంలో రెండు అద్దె గదుల్లోకి వచ్చినా నా తలలో ఆ వాకిలి మాత్రం పోలేదు.

భాగ్య పొద్దున్నే వాయిలు చీర కట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని, ఆఫీసుకు పోయేదానిలా మెట్లు దిగేది. నీలం చీర ఆ సంచి అడుగున ఉండేది. హాస్టల్లో చీపుర్లు పెట్టే గదిలో మార్చుకునేది. ఉతికిన నీలం చీరను బాల్కనీలో ఆరేయనిచ్చేదాన్ని కాదు. లోపలి గదిలో తాడు కట్టి, దాని మీద నా తెల్లచీర కప్పేదాన్ని. వానకాలంలో అది ఆరేది కాదు. రెండోది కొందామంటే, ఒకటి చాల్లే అన్నాను. పచ్చి చీరే కట్టుకుని పనిచేసేది. ఒళ్లు దురద పెడుతోందని ఒకసారి అంది. వేపాకు నూరి రాసుకోమన్నాను.

ఎవరైనా అడిగితే, "మా కోడలు యూనివర్సిటీల చేస్తది" అనేదాన్ని. అందులో అబద్ధం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఏం చేస్తదని అడిగితే, "ఆఫీసుల" అనేదాన్ని. అప్పుడు మాత్రం వెంటనే వేరే మాట ఎత్తేదాన్ని. తర్వాత అదీ అలవాటైపోయింది.

మధ్యాహ్నాలు మేం నలుగురం మెట్ల మీద కూర్చునేవాళ్లం. కింది ఇంటి రాజ్యమ్మ, ఆమె కొడుకు యూనివర్సిటీలో లెక్చరర్. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి మా పక్కింటికి మారిన ఈశ్వరమ్మ. వెనక వాటా అనసూయమ్మ. నేను. ఎవరి చేట వాళ్లం తెచ్చుకుని బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లం. ఒకరిది అయిపోతే ఇంకొకరి బియ్యం కొంత తన చేటలో పోసుకుని ఏరిపెట్టడం మాలో అలవాటు. నాకు ఆ గంటసేపే స్నేహం. విధవరాలిని, కొడుకు లేనిదాన్ని, అక్కడ మాత్రం నేనూ ఒక మనిషిని.

ఒకనాడు అనసూయమ్మ కూతురు దవాఖానాలో ఆయాగా చేరిందని తెలిసింది. ఆ రోజు అనసూయమ్మ అలవాటుగా చేయి చాచి, "తే వదినా, నీవి కొన్ని ఏరిపెడ్త" అంటే, రాజ్యమ్మ చేట ఒళ్లోకి లాక్కుంది.

"వద్దులే. నీ చేతులు ఖాళీ ఉంటయా, బిడ్డకు సాయం పోవాలె గద" అని నవ్వింది.

ఈశ్వరమ్మ కూడా తన చేట జరుపుకుంది. నేను? నేనూ జరుపుకున్నాను. అనసూయమ్మ రెండు రోజులు వచ్చింది. మూడో రోజు నుంచి ఇంట్లోనే ఏరుకుంది.

ఆ చేట జరుపుకోవడం చూసిన కళ్లతో నేను ఇంటికి వచ్చి, తాడు మీది నీలం చీర కనపడకుండా తెల్లచీరను ఇంకా కిందికి లాగాను.

ఆ ఏడు రోజు కూలీల్లో పాతవాళ్లను పర్మినెంట్ చేస్తున్నారని కబురు వచ్చింది. భాగ్య ఎప్పుడూ లేనిది ఒక స్వీటు పొట్లం తెచ్చింది. ఇంకా ఆర్డర్ రాకముందే ఈ ఖర్చేమిటని కసురుకున్నాను. పర్మినెంట్ అయితే జ్వరం వచ్చిన రోజుకు కూడా జీతం. ముసలితనంలో పింఛను. పిల్ల చదువు ఆగదు. అవన్నీ ఆమె ఎన్నోసార్లు చెప్పింది. నేనూ ఎన్నోసార్లు విన్నాను. తెలియక చేశానని అనడానికి నాకు దారి లేదు.

అంతలో ఆమె తండ్రి చనిపోయాడు. పిల్లను తీసుకుని ఊరికి పోయింది. పదకొండో రోజు అయితే గానీ రాదు. ఆమె అక్కడ ఉండగానే ఆ అటెండర్ వచ్చాడు.

సన్నటి మనిషి. చెప్పు తెగి ఉంది, మెట్ల మీద ఈడ్చుకుంటూ ఎక్కాడు. చేతిలో కాగితం చూసి గట్టిగా చదివాడు. "భాగ్యలక్ష్మి, స్వీపర్, లేడీస్ హాస్టల్. గీ బిల్డింగేనా అమ్మా?"

రాజ్యమ్మ తల ఎత్తింది. "ఏమయ్యా, గిది ఫ్యామిలీలుండే బిల్డింగు. గీడ ఊడ్చేటామె నర్సమ్మ. పొద్దుగాల వచ్చి పోతది." తర్వాత నా వైపు తిరిగింది. "మీ కోడలు పేరు కూడ భాగ్యనే గద వదినా?"

ఆ క్షణం ఎంతసేపు ఉంది? నా చేతిలో బియ్యపు గింజ ఒకటి ఉంది. అది గింజో రాయో చూస్తున్నట్టు నటించాను. అవునంటే ఏమవుతుంది? ఒక చేట పక్కకు జరుగుతుంది. అంతే కదా. ఇప్పుడు తూకం వేస్తే ఒకవైపు ఒక చేట, ఇంకోవైపు ఒక మనిషి జీవితం. ఆ పూట నాకు చేటే బరువనిపించింది.

"మా కోడలు ఉత్త భాగ్యమ్మ. ఆఫీసుల చేస్తది" అన్నాను. అటెండర్ వైపు తిరిగి, ఇంకా గట్టిగా అన్నాను. "గీడ స్వీపర్లెవ్వరు లేరు."

"పక్కానా అమ్మా? పర్మినెంట్ కాయితాలకు రేపు సాయంత్రమే ఆఖరు. ఆమె లేకున్నా సరే, ఇంటోళ్లు కాయితాలు తెచ్చిస్తే చాలు. ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి."

"ఒకసారి చెప్తే అర్థం కాదా?" అన్నాను.

అతను చెప్పు ఈడ్చుకుంటూ దిగిపోయాడు. రాజ్యమ్మ అంది, "పేరేమో భాగ్యలక్ష్మి, చేతుల చీపురు." ఈశ్వరమ్మ నవ్వింది. నేను కూడా నవ్వాను. అబద్ధం ఆడినందుకంటే ఆ నవ్వు నవ్వినందుకే నాకు ఎక్కువ సిగ్గు. అబద్ధమైతే భయంతో వచ్చిందని చెప్పుకోవచ్చు. నవ్వు ఎక్కడి నుంచి వచ్చింది?

అది అక్కడితో అయిపోయిందా అంటే, అవలేదు. మరునాడు సాయంత్రం దాకా గడువు ఉంది. భాగ్య కాగితాలు నా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. తాళంచెవి నా కొంగుకే ఉంది. మరునాడు పొద్దున పెట్టె తీశాను. రేషన్ కార్డు, పుట్టిన తేదీ కాగితం, నా కొడుకు పోయిన కాగితం. మూడూ బయటికి తీసి చేతిరుమాలులో చుట్టాను. చెప్పులు కూడా వేసుకున్నాను. తార్నాక నుంచి యూనివర్సిటీ ఆఫీసుకు నడిచిపోయే దూరమే. గుమ్మం దాటబోతూ ఒక ఆలోచన వచ్చింది. రాజ్యమ్మ కొడుకు ఆ దారినే పనికి పోతాడు. స్వీపర్ల వరసలో కాగితాలు పట్టుకుని నిలబడ్డ నన్ను చూస్తే? చెప్పులు విడిచాను. కాగితాలు మళ్లీ పెట్టెలో పెట్టాను. మధ్యాహ్నం చేట పట్టుకుని మెట్ల మీదికి పోయి కూర్చున్నాను. రాజ్యమ్మ తన బియ్యం కొంత నా చేటలో పోసింది.

కోపంలో నోరు జారిందంటే ఒక మాట. నేను ఒక రాత్రి నిద్రపోయి, లేచి, ఆలోచించి చేశాను.

భాగ్య పర్మినెంట్ కాలేదు. ఆమె వెనక చేరినవాళ్లు అయ్యారు. మళ్లీ ఆ అవకాశం రాలేదు. మోకాళ్లు పట్టేసేదాకా రోజు కూలీగానే ఊడ్చింది. ఇప్పుడు పింఛను లేదు. మనవరాలి సంపాదన మీద ఇద్దరం బతుకుతున్నాం. రాజ్యమ్మ వాళ్లు ఇల్లు మారి ఎటు పోయారో కూడా తెలియదు. ఎవరి ముందు పరువు నిలబెట్టుకోవాలని చేశానో, వాళ్ల ముఖాలు కూడా నాకు సరిగా గుర్తు లేవు.

భాగ్య ఇప్పుడు నా కాళ్ల గోళ్లు తీస్తుంది. నా పళ్లెంలో అన్నం మెత్తగా పిసికి పెడుతుంది. "మా అత్తమ్మ కఠినం మనిషి, కానీ ఒక్క అబద్ధం ఆడదు" అని ఇంటికి వచ్చినవాళ్లతో చెబుతుంది. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నేను గోడ వైపు తిరుగుతాను. మెచ్చుకుంటే నాకు గిట్టదని ఆమె అనుకుంటుంది.

చెప్పేస్తే క్షమిస్తుందేమో. అదే నాకు భయం. క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు. మీకు చెప్పాను. రోకలిబండ ఉన్నచోటనే ఉంది. కాకపోతే దాని మీద చేయి వేసి, ఇది నాదే అని ఒకసారైనా అన్నాను.

భాగ్య ఊరి నుంచి వచ్చి ఆఫీసులో కనుక్కున్న సాయంత్రం మా ఇద్దరి మధ్య జరిగిన గొడవ మొదట చెప్పాను కదా. మరునాడు పొద్దున ఏమైందో చెప్పి ఆపేస్తాను.

భాగ్య ఐదింటికే లేచింది. చాయ్ పెట్టి, నా గ్లాసు మీద మూత పెట్టింది. వాయిలు చీర కట్టుకుని, నీలం చీర మడిచి సంచి అడుగున పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అంది.

"ఇయ్యాల ఆఫీసుల అందరి ముంగట ఆ అటెండర్‌ను నిలదీస్త అత్తమ్మా. మా అత్తమ్మ ఇంట్లనే ఉన్నది, నువ్వు రానే రాలే, అబద్ధం ఎందుకు రాసినవని అడుగుత. అడగాల్నా వద్దా?"

"అడుగు" అన్నాను.

ఆమె మెట్లు దిగి పోయింది. నేను తలుపు గొళ్లెం పెట్టుకుని చాయ్ తాగాను.