ముసుగు తీసే సీన్

నింజా సినిమాలంటే మా తాండూరులో సొంతవాళ్ల పెళ్లి క్యాసెట్ చూసినట్టు చూస్తారు. బండలు కోసే మిషన్ల దగ్గర పనిచేసే మేము పొద్దున్నే ముక్కు మీదుగా తువ్వాల చుట్టి కళ్లు మాత్రమే బయట పెడతాం. దుమ్ము మరి. తెర మీద ఆ జపాను వీరులు దూకుతుంటే మా షిఫ్టు వదిలినట్టే ఉంటుంది. పైగా వాళ్లు మాట్లాడరు. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది కాబట్టి, తెర కింద అక్షరాలు చదవనక్కర లేని సినిమా నాకు హాయి.

అలాంటిది మనమే తీద్దామని పెళ్లి వీడియోలు తీసే దోస్తు ఒకడు బయలుదేరాడు. కరణ్‌కోట వైపు పాత బండల గనిలో ఆదివారాలు షూటింగు. హీరో నేనే. ఆ మాట ఇంట్లో చెప్పగానే నా భార్య మర్పల్లిలో వాళ్ల అమ్మకూ తమ్ముడికీ ఫోన్ చేసింది. పెళ్లయ్యాక పుట్టింటివాళ్ల ముందు ఆమె నన్ను గొప్పగా చెప్పుకున్నది అదే మొదటిసారి.

రెండో ఆదివారం నన్ను తీసేశారు. నేను కత్తి దూసినప్పుడల్లా ఏదో ఒక జోకు వేసేవాణ్ణి, కెమెరా పట్టినవాడు నవ్వి కెమెరా ఊపేవాడు. హీరో వేషం నోట్లో నాలుక లేని ఒక హమాలీకి పోయింది. నాకు మొదటి ఫైట్లో చచ్చేవాడి వేషం ఇచ్చారు. అందరి మొహాలూ మూసే ఉన్నాయి కదా, ఎవరికి తెలుస్తుందని ఇంట్లో చెప్పలేదు.

అంతా అయ్యాక దోస్తు ఇంకో ముక్క చెప్పాడు. హీరో మొహం చూడకపోతే జనం ఈల వెయ్యరట, అందుకని చివర్లో ముసుగు తీసే సీన్ కూడా తీశాడట. ఉంచుతావా తీసేస్తావా అని ఎన్నిసార్లు అడిగినా తేల్చలేదు.

వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పగటి ఆట వేశారు. అత్తా బామ్మర్దీ ముందే వచ్చి మాకు కుర్చీలు పట్టి పెట్టారు.

"బావ, సంతకాలు గిట్ల ప్రాక్టీస్ చేసినవా?" అన్నాడు బామ్మర్ది.

మామూలుగా అయితే వాడికి రెండు మాటలు తగిలించేవాణ్ణి. ఆ రోజు తెర వైపు తిరిగి కూర్చున్నాను. ముసుగు తీస్తే నా పరువు సరే, అది ఎప్పుడూ పలచనే. నా భార్య మాట పోతుంది.

జనం భయపడాల్సిన చోట నవ్వారు. మా నింజాలు ఏ గోడ ఎక్కబోయినా ముందు బండను వేలి కణుపులతో కొట్టి, చప్పుడు విని, పగులు లేదని తేలాకే కాలు పెడుతున్నారు. మిషన్ల దగ్గర రోజూ చేసే పనే కాబట్టి షూటింగులో ఎవరికీ తప్పనిపించలేదు. ఒక్కడు మాత్రం కొట్టకుండా ఎగిరాడు. బండ జారి నడుము మీద పడ్డాడు. నటన అనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. పడ్డది నేను. పక్కన నా భార్య నవ్వడం ఆపింది.

ఆ తర్వాత నాకు కథ ఎక్కలేదు. హీరో చెమట తుడుచుకున్నా ముసుగు తీస్తున్నాడనే అనుకున్నాను. చివరి ఫైటు అయింది. వెనక నుంచి మొకం సూపెట్టమని కేకలు. హీరో చెయ్యి ముసుగు ముడి మీద పడింది. ఇక ఆగలేక ఆమె చెవిలో చెప్పేశాను.

"హీరో నేను కాదు."

"తెల్సు," అంది తెర మీంచి చూపు తిప్పకుండానే. "బండ కొట్టి సూడకుండ ఎక్కింది నువ్వే. బరువు లేపితే నడుం పట్టిందన్నవ్ గద నాతోని."

ముసుగు ఊడింది. తెర నిండా హమాలీ మొహం, హాలు నిండా ఈలలు. బామ్మర్ది నన్ను చూసి, తర్వాత వాళ్ల అక్కను చూశాడు.

"బావ హీరో అంటివి గదక్కా?"

"నేనే తప్పు జెప్పిన," అంది ఆమె. "మీ బావ గా పడ్డాయన. నిజంగనే పడ్డడు."

 అత్త నడుము ఇప్పుడెట్లుందని అడిగింది. తగ్గిందన్నాను.

తాండూరు పోయే రైలు ధారూర్ దాటింది. ఆమె మెల్లగా అడిగింది, "ఇంక నాకు జెప్పనియి ఎన్నున్నయ్?"

నవ్వించేది ఏదో నోటిదాకా వచ్చింది. మింగేసి, నడుముతోనే మొదలుపెట్టాను. డాక్టరుకు చూపించలేదని చెప్పాను.

"పోయొచ్చిన అన్నవ్ గద?"

"పోలే."

ఆమె కిటికీ వైపు తిరగలేదు. ఇంకా వింటూనే ఉంది.