పూజలో పెట్టిన బంతి

తిరుపతిలో మేము పదేళ్ళు కాపురమున్న అద్దె ఇల్లు చిన్నదే గానీ దాని అరుగు పెద్దది. అరుగుకు ఎదురుగా మట్టి మైదానం, ఆ మైదానం చివర కొండ. పొద్దున తలుపు తీయగానే కొండకు దండం పెట్టుకుని ముగ్గు వేసేదాన్ని. ముగ్గు పూర్తయ్యేలోపు ఎటునుంచో ఫుట్‌బాల్ వచ్చి దాని మీద పడేది. ఎవరినీ ఒక మాట అనడానికి లేదు. ఆ ఆటగాళ్ళకు గోలు కాసే గోలీ మా ఆయనే.

నేను బడికి పోయినదాన్ని కాను. వడమాలపేట దగ్గర మా పల్లె నుంచి బడికి పోవాలంటే ఏరు దాటాలి. నాయన పంపలేదు. సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పలక తన ఒళ్ళో పెట్టుకుని నాతో అక్షరాలు దిద్దించేవాడు. అక్షరాలతో పాటు ఇంకొన్ని నేర్పాడు. అన్నం మెతుకు తొక్కకూడదు. పుస్తకానికో చేటకో కాలు తగిలితే వేళ్ళతో తాకి కళ్ళకద్దుకోవాలి. పొద్దున లేచి కాలు కింద పెట్టకముందే నేలను చేత్తో తాకి, ఆ రోజు తొక్కబోయే అడుగులన్నిటికీ మన్నించమని అడగాలి. చదువు ఎంత అబ్బిందో చెప్పలేను గానీ, ఆ అలవాట్లు మాత్రం నాయన ఇచ్చినవి ఇచ్చినట్టే నా దగ్గర ఉన్నాయి.

మా ఆయనకు కూరగాయల మండిలో పని. లారీ మీద నిలబడిన మనిషి గుమ్మడికాయలు విసురుతుంటే కింద నిలబడి పట్టుకుని, పక్క మనిషికి అందించాలి. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఒక్క కాయ నేలపాలు చేసి ఎరగడని మండిలో చెప్పుకునేవాళ్ళు. అలాంటి చేతులకు బంతి ఎంత? ఎవరెంత గట్టిగా కొట్టినా గుండెకు హత్తుకుని నిలబడేవారు. కాళ్ళు మాత్రం అరువు తెచ్చుకున్నట్టుండేవి. తన్నమంటే చెప్పు తెగిన మనిషిలా తడబడేవారు. అందుకే పట్టిన బంతిని, కాయ అందించినట్టే, గోలు ముందు కాపలా ఉండే బ్యాకు ఆటగాడి కాళ్ళ దగ్గరికి చేత్తో అందించేవారు.

దాని మీదే మా అరుగు మీద రోజూ పంచాయతీ. ఆట అయ్యాక అందరూ అక్కడే కూలబడేవాళ్ళు. నేను మజ్జిగా బొరుగులూ ఇచ్చేదాన్ని. వాళ్ళలో రెండు గొంతులు పెద్దవి. ఒకటి రిటైరైన డ్రిల్లు మాస్టరుది, జట్టుకు ఆట నేర్పేది ఆయనే. రెండోది ఒక ఆటో డ్రైవరుది. అతనికి ఆడటం రాదు, కానీ ఒక్క ఆట తప్పేవాడు కాదు. నన్ను అక్కా అని పిలిచేవాడు.

"గోలీ అంటే బంతిని ఎత్తి ఆ పక్కకు కొట్టాల సార్" అనేవాడు డ్రైవరు. "గోలు కాడ పెట్టుకోని ఒకరికొకరు ఇచ్చుకుంటా ఉంటే, పొయ్యి పక్కన గడ్డివాము ఏసినట్టుండాది నాకు."

"ఎత్తి కొడితే అది ఎవురికి పోతాదో నీకు తెలుసునా?" మాస్టరు అడిగేవారు.

"దేవుడికి తెలుసు."

"ఆయప్పకు కొండమీదికి వచ్చేవాళ్ళను సూసుకునేదే సరిపోతా ఉండాది. నీ బంతి సంగతి కూడా ఆయనే సూడాల్నా? దగ్గిరోడికి ఇయ్యి. వాడు ఇంకో దగ్గిరోడికి ఇస్తాడు. ఇంటికాడి నుంచి నడిసిపోయినట్టు పోవాలప్పా ఆట."

"మనం నడిసిపోయేలోపల వాళ్ళు బస్సెక్కి వచ్చేస్తారు సార్!"

లోపల బియ్యం ఏరుకుంటూ నేను నవ్వుకునేదాన్ని. మొదట్లో అది నాకు ఉత్త గోల. పోనుపోను బియ్యం ఏరడం ఆపి మరీ వినేదాన్ని. ఎదురింటి టీవీలో ప్రపంచకప్పు చూసిన నెలలో అయితే, ఎగిరి పట్టే గోలీ గొప్పా, ఎగరాల్సిన పని పడకుండా ముందే సరైన చోట నిలబడేవాడు గొప్పా అని మూడు రోజులు వాదించుకున్నారు. నన్నెవరూ అడగలేదు గానీ నా ఓటు రెండోవాడికే. మా ఆయన మాత్రం ఏ పక్షానా మాట్లాడేవారు కాదు. తన గురించే వాదన జరుగుతుంటే మజ్జిగ గ్లాసు అడుగు చూస్తూ కూర్చునేవారు.

ఒక ఏడు ఆయుధపూజకు ఆయన మండిలో గోతాలు లాగే కొక్కెంతో పాటు జట్టు కొత్త బంతినీ ఇంటికి తెచ్చారు.

"ఇది కూడా పనిముట్టే కదమ్మే" అన్నారు.

నాకు ఎంత సంతోషమైందో! బంతిని తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి పటం ముందు కొక్కెం పక్కన కూర్చోబెట్టాను. హారతి ఇచ్చాక ఆయన చేతికిస్తూ ఒక మాట చెప్పాను. "పూజలో కూర్చున్న వస్తువయ్యా ఇది. ఇంగ కాలు తగిలితే ఊరకే పోవద్దు, తాకి కళ్ళకద్దుకో."

ఫుట్‌బాల్ ఆడే మనిషికి అలా చెప్పానే అని ఇప్పుడు నవ్వొస్తుంది. ఆయన నవ్వలేదు. సరే అన్నారు, సరే అన్నట్టే చేశారు. ఆటలో ఒకటి రెండుసార్లు కాలు తగిలితే వంగి బంతిని తాకి కళ్ళకద్దుకుని, అలాగే చేతుల్లోకి తీసుకునేవారు. గోలీ ఎలాగూ చేత్తో పట్టుకునేవాడే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

తర్వాత ఆట రూలు మారింది. దేశాలన్నీ తిరిగి అది మా అరుగు దాకా రావడానికి కొంతకాలం పట్టింది. మాస్టరు దాచిపెట్టిన పేపరు ముక్క తెచ్చి, కళ్ళద్దాలు మరచిపోయానని నా చేతికిచ్చారు.

"గట్టిగా సదువక్కా" అన్నాడు డ్రైవరు.

నాయన ఒళ్ళో నేర్చుకున్న చదువుతో అంతమంది ముందర చదివాను. సొంత జట్టువాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోలీ ఇకమీదట చేత్తో ముట్టకూడదు. కాలితోనే ఇంకొకరికి పంపాలి. ముట్టుకుంటే అక్కడి నుంచే అవతలి జట్టుకు ఫ్రీకిక్కు. చదవడం బాగా కుదిరిందని లోపలికి పోయి మురిసిపోయాను కూడా.

మాస్టరు నెల రోజులు మా ఆయనను వదల్లేదు. పాదం లోపలి పక్కతో బంతిని ఆపడం, అదే పక్కతో దగ్గరివాడికి నెట్టడం, అంతే. పొద్దున్నే చీకటి విచ్చకముందే మండి పని, ఆ తర్వాత ఇది. పాత చినిగిన బంతితో చేశారు సాధనంతా. కొత్త బంతిని మ్యాచులకే తీసేవాళ్ళు. ఆయన నేర్చుకున్నారు. నిదానంగానే అయినా నేర్చుకున్నారు.

కొత్త రూలుతో మొదటి మ్యాచు శ్రీకాళహస్తిలో. నేను కూడా వెళ్ళి, స్వామి దర్శనం చేసుకుని, మైదానం పక్కన ఆటో నీడలో కూర్చున్నాను. ఆ రోజుల్లో ఎవరి బంతి బాగుంటే దానితో ఆడేవాళ్ళు. మాదే పెట్టారు. చెరొక గోలు అయింది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా మా బ్యాకు వెనక్కి తిరిగి ఆయనకు బంతి ఇచ్చాడు. ఎంత చక్కగా ఆపారో పాదంతో! మాస్టరు నా పక్కనే "శభాష్" అన్నారు.

ఆ వెంటనే మా ఆయన వంగి, రెండు చేతులతో బంతిని తాకి, కళ్ళకద్దుకున్నారు.

విజిలు మోగింది. ఫ్రీకిక్కు గోలయింది. ఓడిపోయాము.

అందరూ ఆయన రూలు మరచిపోయారనుకున్నారు. ఎందుకు వంగారో ఆ మైదానంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇంటికొచ్చాక "నా మాట వల్లే కదయ్యా" అంటే, "అన్నం పెట్టు, ఆకలిగా ఉండాది" అన్నారు.

మరుసటి రోజు అరుగు మీద తీర్పు జరిగింది. వచ్చే ఆదివారం చిత్తూరులో ఇంకో మ్యాచు. జట్టులో ఇంకో గోలీ ఉన్నాడు, కాలేజీలో చదివే పిల్లవాడు, కాళ్ళు బాగా ఆడతాయి.

"ఎత్తి కొట్టమని మొత్తుకున్నా కదన్నా నేను!" డ్రైవరు గొంతు. "ఇచ్చుకునేది పుచ్చుకునేది అని ఈ సారు మాట విని..."

"గమ్మునుండప్పా" అన్నారు మాస్టరు. ఆ గొంతులో మునుపటి జోరు లేదు. "ఏం చేద్దారంటావు నువ్వు?" అని మా ఆయనను అడిగారు. "ఈసారికి ఆ పిల్లోడిని నిలబెట్టేదా?"

"మీ ఇష్టం సార్" అన్నారు మా ఆయన.

ఆయనకు ఆ రెండు స్తంభాల మధ్య జాగా ఎంత ముఖ్యమో నాకు తెలుసు. బరువులు మోసే మనిషిని వారమంతా పిలిచేది పని చెప్పడానికే. ఆదివారం ఒక్కరోజే జనం ఆయనను చూసి చప్పట్లు కొట్టేది. అది నా మూలంగా పోతోంది, ఆయన నా పేరు ఎత్తడం లేదు. ఇంక లోపల నిలబడలేకపోయాను. కొంగు నిండుగా కప్పుకుని గడప దాటాను.

"సార్, తప్పు ఆయనది కాదు, నాది" అని ఆయుధపూజ నాటి నుంచి జరిగిందంతా చెప్పాను.

మొదట డ్రైవరు పక్కున నవ్వాడు. వెంటనే నాలుక కరుచుకుని "మన్నించక్కా" అన్నాడు. మాస్టరు "అమ్మా, రూలు పుస్తకంలో భక్తికి మినహాయింపు రాయలేదమ్మా వాళ్ళు" అన్నారు. తర్వాత మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ముందే చెప్పుంటే ఏమప్పా? సరే, చిత్తూరుకు నువ్వే. ఆ చెయ్యి కిందికి పోతే మాత్రం ఇంగ నేనేం చేయలేను."

ఆ సాయంత్రం నుంచి పెరట్లో సాధన. కొత్త బంతితోనే. నేను కాలితో నెట్టలేక చేత్తో దొర్లించేదాన్ని. ఆయన ఆపేవారు, ఆపగానే వంగేవారు.

"వద్దనుకుంటానే ఉండాను. చెయ్యి దానంతట అదే పోతా ఉండాదే" అని అరచేతులు తిప్పి చూసుకునేవారు.

"నేనే కదయ్యా చెప్పింది, నేనే వద్దంటా ఉండాను కదా."

"నువ్వు వద్దంటే సరిపోతాదా? పూజలో పెట్టిందే!"

మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు పొద్దున మంచం దిగబోతూ అలవాటుగా నేలను తాకాను. తాకిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. రోజంతా ఈ నేలను తొక్కుతాను, అడుగడుక్కీ వంగుతున్నానా? లేదే. పొద్దున ఒక్కసారి అడుగుతాను. ఆ ఒక్కసారి చాలునని నాయన చెప్పాడు, నేను ఇన్నేళ్ళూ నమ్మాను.

మండి నుంచి ఆయన వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఏమయ్యా, ఆట మొదలుకాకముందు ఒక్కసారి కళ్ళకద్దుకో. ఈ ఆటలో తగిలే తన్నులన్నిటికీ మన్నించమని ముందే అడుగు. భూదేవి మన్నిస్తా ఉండాది కదా, బంతి మన్నించదా?"

ఆయన గుమ్మంలోనే నిలబడి ఆలోచించారు. "మీ నాయన చెప్పిందేనా అది?" అని అడిగారు.

"నాయన చెప్పిందే."

"అయితే సరే" అన్నారు. నా మాట మీద వంగడం మొదలుపెట్టిన మనిషి, మా నాయన మాట మీద మానడానికి ఒప్పుకున్నారు.

ఆదివారం చిత్తూరులో ఎండ మండిపోతోంది. ఆట మొదలయ్యే ముందు ఆయన బంతిని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుని చాలాసేపు ఉంచుకున్నారు. రెఫరీ వచ్చి అడిగి తీసుకోవాల్సి వచ్చింది. కాసేపటికి బ్యాకు బంతిని వెనక్కి ఇచ్చాడు. గీత పక్కన కూర్చున్న నేను ముందుకు జరిగాను. ఆయన పాదంతో ఆపారు. నడుము వంగలేదు. కుడిచేతి వేళ్ళు మాత్రం ఒకసారి విచ్చుకుని, చొక్కా అంచు పట్టుకుని ఆగిపోయాయి. అవతలివాడు పరుగెత్తుకొస్తున్నాడు.

"ఎత్తి కొట్టన్నా!" డ్రైవరు గొంతు చించుకున్నాడు.

"బిన్నా, తొందరగా ఇయ్యప్పా, దగ్గిరోడికి!" మాస్టరు లేచి నిలబడ్డారు.

ఆయన పక్కనున్న బ్యాకుకు మెల్లగా నెట్టారు, మండిలో కాయ అందించినంత తేలిగ్గా. వాడు ఇంకొకడికి. ఇంటి దగ్గరి నుంచి నడిచిపోయినట్టు పోయింది బంతి. ఆ మ్యాచులో ఇరుపక్కలా గోలు పడలేదు. గెలవకపోయినా మాస్టరు మొహం పెళ్ళివారి మొహంలా ఉంది. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆ జాగా ఆయనదే.

అవి తలుచుకుంటే ఎవరెవరికి దండం పెట్టుకోవాలో నాకు లెక్క తెలియదు. చెప్పగానే నమ్మిన మాస్టరుకు, నవ్వి మన్నించమన్న డ్రైవరుకు, పలక ఒళ్ళో పెట్టుకున్న నాయనకు. ఓడిపోయిన రోజు అందరి మాటలూ పడి, కారణం నేనని చెప్పకుండా అన్నం అడిగిన మనిషికి అన్నిటికంటే ముందు.

ఆ రోజు చిత్తూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నారు. వెనక సీట్లో డ్రైవరు ఇంకా ఎత్తి కొట్టాల్సిందేనని వాదిస్తున్నాడు. వాదన మధ్యలో ఆపి ముందుకు వంగాడు.

"ఏందక్కా, మ్యాచు అంతసేపూ కళ్ళు తుడుసుకుంటానే ఉండావు? దుమ్ము పడిందా?"

మా ఆయన నా వైపు తిరిగి చూశారు.

"నా కాలు తగిలినప్పుడల్లా అద్దుకున్నావా?" అని మెల్లగా అడిగారు.

"పదకొండు సార్లు" అన్నాను.