నేనుండని ఒక్కపొద్దులు

నా నోటి తొందర వల్ల మా ఇంట్లో జరిగిన రభసలు చాలానే ఉన్నాయి గానీ, చిల్పూరు గుట్ట మీద అన్న ఆ ఒక్క మాట చేసినంత చేటు ఇంకేదీ చేయలేదు. నేను స్పెయిన్ వెళ్లడానికి అప్పటికి పది రోజులుంది. గ్రనాడా అనే ఊళ్లో నీటి వనరుల మీద ఏడాది చదువు. మా అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది, మహబూబాబాద్‌లో ఇచ్చారు. మా వైపు ఆ ఊరిని మానుకోట అంటారు. అప్పుడు అక్కకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు నాలుగో నెల దాటకుండానే కడుపు పోయింది. ఈసారి ఐదు పడేసరికి అమ్మ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని, కొడకండ్ల నుంచి కారు మాట్లాడుకుని గుట్టకు తీసుకెళ్లింది. అక్కడున్నది బుగులు వెంకటేశ్వరస్వామి. దేవుడే ఏదో బుగులు పట్టుకుని వచ్చి కూర్చున్న చోటని చెప్తారు. మనసులో భయం ఉన్నవాళ్లు అక్కడికి వెళ్తుంటారు.

అక్క మొక్కు చిన్నదే. బిడ్డ పుట్టాక తెచ్చి తలనీలాలు ఇస్తానంది, కళ్లు తుడుచుకుంది, అయిపోయింది. అక్క ఏడుపు చూసి నేను ఆగలేకపోయాను.

“నీ బిడ్డ కోసం నేను పదహారు శనివారాలు ఒక్కపొద్దుంట అక్కా,” అన్నాను.

ఒక్కపొద్దంటే పొద్దంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి తినడం. ఆ తినేది కూడా నీసు కాకూడదు, గుడ్డు కూడా పనికిరాదు.

అక్క నవ్వింది. “నువ్వా? టిఫిన్ జర ఆలస్యమైతెనే ఇల్లు పీకి పందిరేస్తవ్.”

“చూస్తుండు. ఉంట అంటె ఉంట.”

అక్క నవ్వు ఆగిపోయింది. “నా బిడ్డ కోసం నువ్వు ఉపాసముంటె నేను తిని కూసుంటనా? నేను గూడ ఉంట.”

“వట్టి మనిషివి కాదు, నీకెందుకే గిప్పుడు ఉపాసాలు,” అని అమ్మ కోప్పడింది.

“అంత దూరం ఒక్కతే పోయి అది ఉంటె, ఇంట్ల ఉన్నదాన్ని నేను ఉండలేనా? చెల్లె ఉన్నన్ని దినాలు ఉంట. అది ఆపిననాడు నేను గూడ ఆపుత,” అంది అక్క. పూజారి ముందే అంది. నాకు మహా గర్వంగా అనిపించింది.

గ్రనాడాలో మొదటి మూడు శనివారాలు నిజంగానే ఉన్నాను. లైబ్రరీలో పుస్తకం ముందేసుకుని గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. సాయంత్రం గదికొచ్చి, కిటికీ గట్టు మీద చిన్న కొవ్వొత్తి వెలిగించి, అన్నం పప్పు వండుకుని తినేదాన్ని. మా ఇంటి దగ్గర దీపం పెట్టే వేళకు అక్కడ మధ్యాహ్నం మూడవుతుంది. అక్క దీపం పెట్టి, హారతి ఇచ్చి, వెంటనే నాకు ఫోన్ చేసేది.

“నీకింకా పొద్దు గుంకలే కద చెల్లె. పాపం, ఇంక నాలుగు గంటలుండాలె. నేను గూడ జరసేపాగి తింట. నువ్వు తినక ముందు నాకు ముద్ద దిగుతలేదు,” అనేది.

వద్దంటే వినేది కాదు. ఇంకో గంట, గంటన్నర అలాగే కూర్చునేదట. ఈ సంగతి వాళ్లత్తమ్మ తర్వాత చెప్పింది.

నాలుగో శనివారం నుంచి కథ మారింది. గ్రనాడాలో నేనున్న ఇంట్లో నాతోపాటు ఇద్దరు అమ్మాయిలు ఉండేవాళ్లు. ఒకమ్మాయిది మెక్సికో, ఇంకొకమ్మాయిది స్పెయిన్‌లోనే ఉత్తరాన ఎక్కడో. శుక్రవారం క్లాసులు అయ్యీ కాకముందే ఇద్దరూ పటం పరిచేవాళ్లు. ఈ శనివారం ఏ కొండ, ఏ ఊరు, ఏ బస్సు అని. మూడు వారాలు నన్ను వదిలేసి వెళ్లారు. వాళ్లు తెచ్చిన ఫొటోలు చూసి నాకు కడుపు మండిపోయింది. నాలుగో వారం నేనూ బ్యాగు సర్దుకున్నాను. తిరగడానికీ ఒక్కపొద్దుకూ సంబంధం ఏముంది, తినకుండా తిరుగుతాను, అంతే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ రోజు కొండ మీద సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ల ఊరొకటి చూసి, తిరుగు బస్సు అందుకోలేకపోయాం. తర్వాతి బస్సు కింది ఊరి నుంచి ఉందన్నారు. ఎండలో ఆరేడు కిలోమీటర్లు నడిచాం. మధ్యలో ఒక మేకల మంద దారంతా అడ్డం పడి కదలనంటే, నేను మా ఊరి లెక్కన నాలుక మీద శబ్దం చేసి అదిలించాను. మేకలు నా మాట విన్నాయి, మెక్సికో అమ్మాయి నన్ను ఎత్తి తిప్పేసింది. జన్మలో అంత నవ్వలేదు నేను. కింది ఊరు చేరాక ఒక చిన్న హోటల్లో కూర్చుని నిమ్మరసం అడిగాను. గ్రనాడా వైపు ఒక పద్ధతుంది, ఏది తాగినా దాంతోపాటు చిన్న పళ్లెంలో తినడానికి ఏదో ఒకటి ఊరికే పెడతారు. ఆ రోజు నా ముందు పెట్టింది ఆలుగడ్డ అట్టు. మందంగా, వేడిగా, లోపల గుడ్డు సొనతో. నేను అడగలేదు, వాళ్లే పెట్టారు. ఇదీ నేను చెప్పుకున్న సమాధానం. మొత్తం తిన్నాను. ఇంకో నిమ్మరసం తెప్పించుకుని రెండో పళ్లెం కూడా తిన్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. అక్క. మూతి తుడుచుకుని బయటికి పరిగెత్తాను.

“గొంతు ఎండిపోయినట్టుందే? మంచినీళ్లన్న తాగు, నీళ్లకు తప్పు లేదు,” అంది అక్క.

“ఆఁ, తాగుత,” అన్నాను.

ఒక్కసారే కదా అనుకున్నాను. ఐదో శనివారం కోర్దోబా అనే ఊరు వెళ్లాం, రాతి వంతెన మీద నిలబడి కోడిమాంసం పెట్టిన రొట్టె తిన్నాను. ఆరో శనివారం సముద్రం. ఈత రాకపోయినా మెడలోతు దాకా వెళ్లి, అల కొడితే మునిగి, ఉప్పునీళ్లు తాగి, బయటికొచ్చి వేయించిన చిన్న చేపలు తలకాయలతో సహా నమిలాను. ఏడో వారానికి సాకులు చెప్పుకోవడం కూడా మానేశాను. మూడింటికి అక్కడ అందరూ భోజనాల మీదుంటారు, సరిగ్గా అప్పుడే అక్క ఫోన్. పళ్లెం దగ్గర్నుంచి లేచి సందులోకి వెళ్లి, నీరసంగా మాట్లాడి, మళ్లీ వచ్చి తినేదాన్ని. ఆ నీరసం గొంతు నాకు ఎంత బాగా కుదిరిందంటే, అక్క జాలిపడి ఇంట్లో అందరికీ చెప్పేది. అమ్మ కొడకండ్లలో ఇంటింటికీ చెప్పింది.

తొమ్మిదో శనివారం గురించి రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

అప్పుడూ సముద్రం ఒడ్డునే ఉన్నాం. వీధిలో బల్లలు వేసిన హోటలు. ఫోన్ వచ్చేసరికి అలవాటుగా లేచి గోడ పక్కకు వెళ్లాను.

“చెల్లె, డాక్టరమ్మ తిట్టిందే,” అంది అక్క. “రక్తం తక్కువున్నదట. బరువు గూడ పెరుగుతలేనట. కడుపు మాడ్చుకుంటె బిడ్డకు ఎట్లనే అన్నది. మీ బావకు చెప్తె పరేషానైతడని చెప్పలే.” బావ ఉద్యోగం భూపాలపల్లిలో, కరెంటు ప్లాంటులో. వారానికోసారి వచ్చేవాడు. ఆ తర్వాత అడిగింది. “ఆపుదామా అనుకుంటున్న. నువ్వు ఉండంగ నేను ఆపుడెట్ల అనిపిస్తున్నది. నువ్వేమంటవ్?”

ఆ ప్రశ్న నాకు స్పష్టంగా వినబడింది. చుట్టూ చప్పుడు లేదు, లైను బాగుంది, నా ఒంట్లో బాగుంది. చెప్పడానికి అడ్డమేమీ లేదు. “అక్కా, నేనెప్పుడో ఆపేసిన, నువ్వు గూడ ఆపు,” అంటే సరిపోయేది. గుట్ట మీద అక్క పెట్టుకున్న షరతే అది. నేను ఆపిననాడు అక్క కూడా ఆపుతుంది. కానీ చెప్తే, ఎప్పుడు ఆపినవ్ అని అడుగుతుంది. ఐదు వారాలుగా ఫోన్లో వినిపించిన ఆ నీరసం గొంతు ఏమిటని అడుగుతుంది. అమ్మకు తెలుస్తుంది, బాపుకు తెలుస్తుంది. నా పరువే నాకు ముఖ్యమైంది. ఇంతకంటే గౌరవంగా చెప్పుకునే కారణం నా దగ్గర లేదు.

“ఇంకెన్ని అక్కా, ఏడే కద,” అన్నాను.

“అంతేలే,” అంది అక్క. “నువ్వే ఉంటున్నవ్, నాకేమైంది.”

వెళ్లి కూర్చుని, చల్లారిన చేపలు తిన్నాను.

పన్నెండో శనివారం కొండల మీదికి వెళ్లాం. అక్కడ వందల ఏళ్ల కిందట తవ్విన సాగునీటి కాలువలున్నాయి, ఇప్పటికీ పారుతున్నాయి. మా చదువుకు పనికొస్తుందని వంక పెట్టుకున్నా, నిజానికి నేను వెళ్లింది మంచు కోసం. పై గట్ల మీద తొలిసారి మంచు చూశాను. ప్లాస్టిక్ కవరు మీద కూర్చుని జారాను, ప్యాంటు చిరిగింది, చేతులు కొంకర్లు పోయాయి. కిందికి దిగాక సిగ్నల్ వచ్చింది. అక్క నంబరు నుంచి నాలుగు ఫోన్లు. అబ్బా, ఒక్కపొద్దు సంగతి అడగడానికే కదా, రేపు చేద్దాంలే అని విసుక్కుని ఫోన్ బ్యాగులో పడేశాను. ఆ మధ్యాహ్నం మేక మాంసం కూర తిన్నాం.

ఆ నాలుగు ఫోన్లూ చేసింది అక్క కాదు, అమ్మ. మర్నాడు పొద్దున నేను చేస్తే అమ్మే ఎత్తింది.

“మీ అక్క దీపం ముంగటనే పడిపోయింది బిడ్డా. మానుకోట దవాఖానకు తీస్కపోతె హన్మకొండకు పొమ్మన్నరు. కాన్పు చేసిండ్రు. ఆడపిల్ల, కిలోన్నర ఉన్నది. అద్దాల డబ్బాల పెట్టిండ్రు. నీకు చెప్దామని ఎంత చేసినా ఎత్తకపోతివి. ఒక్కపొద్దుతోని నీరసంగ పండుకున్నవనుకున్న.”

అమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

“అక్కది ఇగ అయిపాయె. నువ్వు మాత్రం ఇడువకు బిడ్డా. ఇంక నాలుగే. నీ ఒక్కపొద్దులే గా పసిదాన్ని నిలబెట్టాలె.”

ఎనిమిదో నెల కాన్పు ఉపవాసాల వల్లే జరిగిందని ఏ డాక్టరూ అనలేదు. చాలా కారణాలుంటాయన్నారు. ఆ మాటను పట్టుకుని వేలాడాలని ఎంత చూసినా, తొమ్మిదో శనివారం నన్ను వదల్లేదు.

మిగిలిన నాలుగు శనివారాలు ఉన్నాను. నీళ్లు కూడా ముట్టలేదు. మెక్సికో అమ్మాయి వింతగా చూసి, ఇదేమిటి కొత్తగా అని అడిగింది. మా దేవుడి ఉపవాసం అన్నాను. పోయిన వారం దాకా మీ దేవుడు ఎక్కడున్నాడు అంది. తను ఎగతాళికే అన్నా, నేను బాత్రూంలో కుళాయి తిప్పి చాలాసేపు ఏడ్చాను. అక్కడ ఒక పసిగుడ్డు అద్దాల డబ్బాలో ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటోంది. ఇక్కడ నేను ఆలస్యంగా భక్తి చూపిస్తున్నాను. ఆ నాలుగింటినీ గొప్పగా చెప్పుకోలేను.

పాప బతికింది. ఇరవై రోజులకు డబ్బాలోంచి తీశారు, నెలన్నరకు ఇంటికి తెచ్చారు. నేను చదువు ముగించుకుని వర్షాకాలంలో తిరిగొచ్చేసరికి బోర్లా పడి నవ్వుతోంది. నేనొస్తేనే మొక్కు తీర్చాలని తలనీలాలు ఆపారట. మళ్లీ అందరం గుట్టకు వెళ్లాం. పాపకు గుండు కొట్టించాక, గర్భగుడి ముందు అక్క పాపను నా చేతుల్లో పెట్టింది.

“నువ్వే చూపియ్యి దేవునికి. ఇది నీ బిడ్డ,” అంది.

అమ్మ పక్కనున్న ఎవరో తెలియని ఆవిడకు చెప్తోంది. “మా చిన్నబిడ్డ. పరాయి దేశంల పదహారు శనివారాలు పచ్చి మంచినీళ్లు ముట్టలే.” ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి దీవించింది. పాపను ఎత్తి చూపించానో లేదో కూడా గుర్తులేదు.

బావా బాపూ కారు తేవడానికి వెళ్లారు, అమ్మ ప్రసాదం కోసం వరసలో నిలబడింది. మెట్ల మీద అక్కా నేనూ, నా ఒళ్లో పాప. ఇక ఆగలేకపోయాను.

“అక్కా, నేను ఒక్కపొద్దులు ఉండలే.”

అక్క నా వైపు చూసింది. “ఏంది?”

“మొదటి మూడు ఉన్న, ఆఖరి నాలుగు ఉన్న. నడుమల ఉండలే. తిన్న. అన్నీ తిన్న. నువ్వు ఫోన్ చేసినప్పుడు తింటనే ఉంటి.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. దేవుడితో ఆటలా అంటుందని, చెంప మీద కొడుతుందని కూడా అనుకున్నాను. అక్క పాప గుండు మీద రాసిన గంధాన్ని వేలితో సరిచేసింది.

“తింటె తిన్నవ్,” అంది చివరికి. “దేవుడు నిన్నేమన్నడు. మరి నేను ఆపుదామా అని అడిగిన చూడు, గా దినం?”

“గా దినం గూడ తిని ఉంటి.”

“గప్పుడన్న చెప్పొద్దానే.”

నేను తల దించుకున్నాను.

“గా దినం నాకు మస్తు ఆకలైంది చెల్లె,” అంది అక్క. “అత్తమ్మ పక్కింటికి పోతె, వంటింట్లకు పోయి కంచంల అన్నం పెట్టుకున్న. నువ్వొక్క మాటంటె తిందామనే నీకు ఫోన్ చేసిన.”

కింద కారు హారన్ మోగింది. అక్క నా ఒళ్లోంచి పాపను తీసుకుని, కొంగు కప్పుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టింది.