మునిగిన ఊరి మీద రెండు బ్యాటరీల పడవ

ఉదయగిరిలో ఉదయం ఆరున్నరకి బస్సెక్కాం. నేను, మా అత్తమ్మ, నాలుగేళ్ళ పాప నిత్య. అత్తమ్మ కాపురానికి వచ్చిన ఊరు ఇప్పుడు సోమశిల జలాశయం అడుగున ఉంది. ఆ ఊరివాళ్ళు తమ ఇంటి బిడ్డని ఒకసారి పడవలో తీసుకెళ్ళి, ఊరున్న చోట ఇంజన్ ఆపి, బిడ్డ పేరు నీళ్ళకి వినిపిస్తారు. పాపకి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. ఊరికి చూపించనందుకే ఇట్లా అయిందని అత్తమ్మ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ రాత్రుళ్ళు బిడ్డ ఛాతీలో పిల్లికూతలు వింటూ కూర్చునే మనిషి దేన్నీ గట్టిగా కాదనలేదు. నెబ్యులైజర్ సంచిలో పెట్టుకున్నాను.

ఆత్మకూరు మీదుగా పోయే నెల్లూరు బస్సు అది. పక్క సీట్లో ఒకామె చెక్క గరిటెల మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. పాప ఊపిరి ఆమెకీ వినబడింది.

"ఎక్కడికమ్మా బిడ్డని తీసకోని?"

"సోమశిలకి. పడవెక్కాలి."

"ఈ రొప్పుతోనా? బుద్ధుండాదా మీకు!" అంటూనే మూటలోంచి చిన్న గరిటె తీసి పాప చేతిలో పెట్టింది. "ఇదుంచుకో తల్లీ. నీళ్ళలో చెయ్యి పెట్టబాక."

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, సోమశిలకి షేర్ ఆటో ఎక్కాం. తాగే నీళ్ళు ఆత్మకూరులోనే నింపుకోండి. పడవలు ఆగేచోట అంగడి లేదు.

అత్తమ్మ ముందే మాట్లాడి పెట్టిన పెంచలయ్యది చేపలు పట్టే ఫైబర్ పడవ. మధ్యలో నిలిపిన కొయ్యకి తెరచాపగా పాత ఫ్లెక్సీ కట్టాడు. ఎవరో చనిపోయినప్పుడు వేయించిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. ఆ ముఖం మా వైపే చూస్తోంది.

"ఎవరది?"

"మా నాయన. బతికున్నన్నాళ్ళూ పని చెయ్యలా. ఇప్పుడు పడవ లాగతన్నాడు," అని నవ్వాడు.

వెనక సోలార్ పలక కింద రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి, ఇంకొకటి లైట్లకి. మధ్యలో, వాటిని కలపడానికో విడదీయడానికో ఎర్ర పిడి ఉన్న స్విచ్. నెబ్యులైజర్ నడుస్తుందా అని అడిగితే చిన్న ఇన్వర్టర్ చూపించాడు. "లైట్ల బ్యాటరీ మీద ఏమన్నా పెట్టుకోమ్మా. ఇంజన్‌ది వేరే."

పొద్దు వాలాకే ఊరి మీదికి పోవాలట. మధ్యాహ్నం దాకా మబ్బు. మూడు దాటాక ఎండ వచ్చింది, బయల్దేరాం. అరగంట తర్వాత, ఏ గుర్తూ లేని నీళ్ళలో, పెంచలయ్యా అత్తమ్మా ఒకేసారి "ఇక్కడే" అన్నారు. ఇంజన్ ఆగింది.

గాలి లేదు. ఫ్లెక్సీ ముడతలు పడి వేలాడుతోంది. ఆ ముఖంలో ఒక కన్ను మాత్రం కనిపిస్తోంది. అత్తమ్మ పడవ అంచు మీదికి వంగి, పక్కింటివాళ్ళని కేకేసినట్టు అరిచింది. "ఇదిగో, నిత్య వచ్చింది! నా కొడుకు బిడ్డ!" మూడుసార్లు. పడవ అడుగున ఏదో గీసుకుంది.

"చింతకొమ్మలే," అన్నాడు పెంచలయ్య.

పాప నీళ్ళలోకి చూస్తూ "ఆఁ" అంది.

"ఎవరికి పలుకుతున్నావు?"

"అవ్వకి."

"అవ్వ ఇక్కడుంది కదమ్మా."

"ఈ అవ్వ కాదు."

చేతిలో గరిటె జారి నీళ్ళలో పడింది. చెక్కది, తేలాలి. వంగి చాలాసేపు చూశాను. పైకి రాలేదు.

"ఇంక పోదాం," అన్నాను. పెంచలయ్య బటన్ నొక్కాడు. టిక్కుమంది, అంతే. పాపకి ఊపిరి బిగుసుకుంటోంది. నెబ్యులైజర్ తగిలించాను. ఇన్వర్టర్ కీచుమని ఆరిపోయింది.

అప్పుడు చెప్పాడు. బిడ్డని తెచ్చే ముందు రాత్రి ఊరి మీద పడవ నిలిపి తెల్లవార్లూ లైట్లు వెలిగించాలట. "ఎవురో వస్తన్నారని వాళ్ళకి తెలియాల గదా." మాకోసం అట్లా వెలిగించిన రాత్రి స్విచ్ రెండు బ్యాటరీలనీ కలిపే చోట ఉండిపోయింది. తెల్లారేసరికి రెండూ ఖాళీ, తెరచాప గాలికే ఒడ్డు చేరాడు. మేం ఒడ్డున కట్టుకెళ్ళిన అన్నం తింటున్నప్పుడు ఆటో బ్యాటరీ తెచ్చి తగిలించి ఇంజన్ లేపాడు. దారిలో ఇంజన్ ఇచ్చిన కరెంటు రెండింటికీ పంచుకుపోయి దేనికీ చాలలేదు.

"తెలిసీ ఎందుకాపావయ్యా?"

"ఇంజన్ తిరగతా ఉంటే ఊరి మీద నిలబడేదెట్టమ్మా? ఒప్పుకోరు."

నేను పాప వీపు రాస్తున్నాను.

ఎర్ర పిడిని ఇంజన్ వైపు తిప్పాడు. ఇక సోలార్ పలక నుంచి వచ్చే కాస్త కరెంటూ ఆ ఒక్క బ్యాటరీకే ఎక్కుతుంది.

"ఆ కాస్తా బిడ్డకివ్వు."

"ఇస్తే రాత్రికి ఈడే."

పాపని నిటారుగా ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. ఒక్కో ఊపిరికీ గొంతు కింద గుంట పడుతోంది. అత్తమ్మ మా వైపు తిరగలేదు. నీళ్ళతో ఏదో గొణుగుతోంది, మధ్యమధ్య ఆగుతోంది, జవాబు విన్నట్టు తలూపుతోంది. ఎండ పలక మీదినుంచి జారిపోతోంది. చివరి వెలుగు అంచుకి చేరాక పెంచలయ్య దండం పెట్టి బటన్ నొక్కాడు. ఇంజన్ దగ్గింది, ఆగబోయి అందుకుంది. ఎవరమూ వెనక్కి చూడలేదు.

ఒడ్డున ఒక ఇంట్లో ప్లగ్ అడిగి, మాస్క్ పాప ముఖానికి పెట్టబోయి ఆగాను. కూతలు లేవు.

ఆత్మకూరులో చివరి బస్సు దొరికింది. కాస్త దూరం పోయాక అత్తమ్మ అడిగింది.

"ఏమ్మే, వచ్చేటప్పుడు బిడ్డని ఎనక్కి పిలిచినావా?"

"వెనక్కా?"

"పేరు వినిపించినాక తల్లే పిలవాల. రా నిత్యా, పోదామని."

"ఇప్పుడా చెప్పేది!"

"ఇంజన్ గోలలో మర్చిపోయినా."

ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డని పెట్టుకుని, చీకటి కిటికీలోకి "రా నిత్యా, పోదాం" అని కేకేశాను. కండక్టర్ లేచి వచ్చాడు. "ఎవురన్నా ఎక్కకుండా ఉండిపోయినారామ్మా? బస్సాపమంటావా?" ముందు సీట్లో ఎవరో నవ్వారు. నేను ఇంకోసారి పిలిచాను.

మీలో ఎవరైనా వెళితే, పడవెక్కే ముందు ఆ ఎర్ర పిడి ఎటు తిరిగి ఉందో చూసుకోండి. ఆయాసం తగ్గుతుందా అంటే, తగ్గింది. బస్సులో పాప ఊపిరి నాకు వినబడలేదు. ఇంజన్ చప్పుడులో కలిసిపోయిందనుకున్నాను. ఇప్పుడు ఉదయగిరిలో, అందరూ పడుకున్న ఇంట్లో కూడా వినబడటం లేదు. ముక్కు కింద వేలు పెడితే వెచ్చగా తగులుతోంది. ఆ వేలు తియ్యలేక, రెండో చేత్తో ఇది రాస్తున్నాను.